సుందరయ్య తగ్గించిన లైట్లు

సరూర్‌నగర్ మొత్తంల సుందరయ్య అంత వెలుగంటే పడని మనిషి ఇంకొకడు లేడు. ఎవరింటికి పోయినా చెప్పులు విడవకముందే గోడ దిక్కు చూస్తడు. లైటు తగ్గించే మర కనబడిందా, ఇక అయిపాయె! "జర తగ్గిస్త" అంటడు, తిప్పుతడు. ఎల్బీ నగర్‌ల చుట్టాల పెండ్లికి పోయి స్టేజీ లైట్లే తగ్గించిండు. ఆ మసకల ఫొటోలాయన పెండ్లిపిల్లను ఇడిసిపెట్టి ఆమె మేనత్తకు ఫొటోలు తీసుకుంట కూసున్నడు.

ఆయన భార్య ఎస్తేరమ్మకేమో అన్నీ ధగధగ మెరవాలె.

"ఏమయ్యా, మనమేమన్న దొంగలమా చీకట్ల కూసోనీకి?"

"జర తగ్గిస్తనే, అంతే."

ఎస్తేరమ్మ గూడ తక్కువ మనిషేం కాదు. కిందటేడు మలక్‌పేట దవాఖానల కండ్లకు ఆపరేషన్ చేసి నల్లద్దాలిస్తే, ఒక్క పూట పెట్టుకొని ట్రంకుపెట్టెల పడేసింది. "గవి పెట్టుకుంటే ముసల్దాన్ననుకుంటరు. నా కండ్లకేం రోగం?" అన్నది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటినయి.

ఈ యేడు కొడుకు శాంసన్ హాలుకు ఫాల్స్ సీలింగ్ కొట్టించి, దాంట్ల పన్నెండు వోల్టుల చిన్న చిన్న లైట్లు పెట్టించిండు. ఎస్తేరమ్మ కాళ్లు నేల మీద నిలుస్తలేవు. ఆదివారం ప్రార్థన కూడిక ఆమె ఇంట్లనే! సంఘం ఆడోళ్లందరు ఆ హాలు చూసి నోరు తెరవాలె. ఆమెకు కావాల్సింది గదొక్కటే.

ఆదివారం ఆమె తయారవుతుంటే సుందరయ్య ఏం చేసిండు? ఫ్యాన్ రెగ్యులేటర్ ఊడబీకి ఆ లైట్లకు తగిలిచ్చిండు!

అందరు వచ్చిన్రు, నోర్లు తెరిచిన్రు. ఎస్తేరమ్మ పైట సర్దుకున్నది. గంతల సుందరయ్య లేచి "జర తగ్గిస్త" అని తిప్పిండు. సీలింగుల నుంచి జుయ్యిమని తుమ్మెదల మంద లేచినట్టు సప్పుడు! లైట్లన్నీ కన్నుగొట్టుడు మొదలువెట్టినయి. రెగ్యులేటర్ లేని ఫ్యానేమో ఆగమాగం తిరుగుతున్నది. పాటల పుస్తకాల పేజీలు ఎగిరినయి, పాస్టరు గారి టై పోయి ఆయన మూతికే తాకింది. ఆఖరుకు టప్పుమని కాలిన వాసన!

"నాన్నా, గది ఫ్యాన్‌ది!" శాంసన్ నెత్తి పట్టుకున్నడు. "గీ లైట్లకు పైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటది. దానికి సరిపడే డిమ్మర్ వేరే!"

"తిప్పితే తగ్గుతది గదా అనుకున్న బిడ్డా."

సంఘపోళ్లు పోయినంక ఎస్తేరమ్మ అందుకున్నది. "నా ఇజ్జత్ తీసినవ్! ఇగ నీ చెయ్యి గోడ మీద పడ్డదో, నేను మా తమ్ముని ఇంటికి పోత!"

సాయానికని ఉన్న ఎదురింటి వేదవతి పేజీలు ఏరుకుంట ఆగింది. ఆమెది గుంటూరు దిక్కు. "అదేంటండీ వదినగారూ! మీరు లేనప్పుడు అన్నయ్యగారు లైట్లన్నీ వేసుకునే పేపరు చదువుతారుగా? మా వంటింట్లోంచి కనిపిస్తుంది. మీ గేటు చప్పుడైతే చాలు, లేచి తగ్గించేస్తారు."

ఎస్తేరమ్మ గిర్రున మొగుని దిక్కు తిరిగింది. కూడికల జరిగినదానికంటె ఈ మాట పెద్ద వింత.

"ఏందయ్యా ఇది?"

సుందరయ్య గడ్డం గీరుకున్నడు. "దవాఖాన నుంచి వచ్చిన నాడు నిద్రల కలవరించినవ్. వెలుగు కండ్లల్ల కారం కొట్టినట్టున్నదని. పొద్దుగాల అడిగితే నాకేం రోగమంటివి. నీతోని ఎవడు కొట్లాడుతడే?"

"మరి పెండ్లిల?"

"స్టేజీ ముంగట కుర్చీల కూసున్నదెవరు?"

"నిన్ను అందరు పిచ్చోడంటున్నరు గదయ్యా!"

"అననియ్యి. అద్దాలు పెట్టుకోమంటే నువ్వు కొడ్తవు. గదానికంటె ఇదే నయం."

శాంసన్ దిల్‌సుఖ్‌నగర్ పోయి కొత్త ట్రాన్స్‌ఫార్మర్, దానికి జోడైన డిమ్మర్ తెచ్చి బిగించిండు. ఫ్యాన్‌కు గూడ దాని రెగ్యులేటర్ మళ్ల పెట్టిండు. ఇప్పుడు లైట్లు సప్పుడు లేకుంట, వెన్న కరిగినట్టు తగ్గుతున్నయి. మళ్లొక్క కూడిక పెట్టిన్రు. సుందరయ్య లేచి మర మీద చెయ్యి వేసిండో లేదో, ఎస్తేరమ్మ ఆ చేతి మీద ఒక్కటి ఏసింది.

"ఆగు! చీకట్ల పాటల పుస్తకం ముక్కుకు ఆనిచ్చుకొని చదువుతున్నవ్, నేను చూస్తలేననుకున్నవా?"

మరను చివరిదాంక తిప్పింది. హాలు వెలుగుతోని భగ్గుమన్నది. ట్రంకుపెట్టె తెరిచి, నల్లద్దాలు తీసి, కొంగుతోని తుడిచి పెట్టుకొని, నట్టనడుమ కూసున్నది.

"ఏంది గట్ల చూస్తరు? గిది ఫ్యాషన్."

ఎవరు నవ్వలే. నవ్వేటంత ధైర్యం ఎవరికున్నది? సుందరయ్య మాత్రం ఆమెనే చూసుకుంట నిలబడ్డడు. ఫ్యాన్ గాలికి ఆమె నెరిసిన వెంట్రుకలు అద్దాల మీద పడుతున్నయి. ఇగ ఆయన చెయ్యి ఊకుంటదా? మెల్లగ ఫ్యాన్ రెగ్యులేటర్ దిక్కు నడిచిండు.

"జర తగ్గిస్త."