ఎఫ్ఐఆర్ కాపీ

ఇరవై ఆరేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. ప్రాథమిక హక్కుల పాఠం వచ్చిందంటే నా గొంతు పక్క క్లాసు దాకా వినపడేది. రిటైరై పెదకాకానిలో స్థిరపడ్డాక ఆ గొంతుకు పని లేక, మా వీధి వాళ్ల మీద వాడేవాణ్ణి.

మా ఎదురింట్లో పరుపులు, దిళ్లు కుట్టే దూదేకులామె ఉంది. సీజన్లో మిరపకాయల తొడిమలు తీసే పనికీ వెళుతుంది. ఒకరోజు అలా వెళ్లి వచ్చేసరికి ఇంట్లో కుట్టు మిషన్ లేదు.

"మేష్టారూ, స్టేషన్‌కి తోడు రండి. మీకైతే రూల్సు తెలుసు" అంది.

ఆటోలో దారి పొడవునా చెప్పాను. దొంగతనం జరిగితే కేసు కట్టి తీరాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇచ్చి తీరాలి, అది మన హక్కు అని. ఆటో డ్రైవరు కూడా తలూపేసరికి నాకు ఇంకా ఊపొచ్చింది.

స్టేషన్ గుమ్మంలో అడుగుపెడుతూనే చెప్పులు విప్పేశాను. ఎందుకు విప్పానో ఇప్పటికీ తెలియదు.

కానిస్టేబుల్ వివరాలన్నీ ఓ తెల్లకాగితం మీద రాసుకుని, "దొరికితే ఫోన్ చేస్తాం, వెళ్లండి" అన్నాడు.

"చాలా థాంక్సండీ" అంటూ నేను లేచాను. ఆమె లేవలేదు.

"ఎఫ్ఐఆర్ కట్టి కాపీ ఇవ్వండి సార్. డబ్బులేం కట్టక్కర్లేదంట."

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"ఈ మేష్టారే."

అతను నా వంక తిరిగాడు. "మీరు లాయరా?"

"అబ్బే, ఎదురింట్లో ఉంటానండి" అన్నాను.

"ఎస్సైగారు లేరు. రేపు రండి."

"వచ్చేదాకా కూర్చుంటాం సార్" అంది ఆమె. ఆ 'కూర్చుంటాం'లో నేనూ ఉన్నానని అర్థమై మళ్లీ కూర్చున్నాను.

మూడు గంటల తర్వాత ఎస్సై వచ్చాడు. ఆమె చెప్పిందంతా విని కేసు కట్టమన్నాడు. సంతకం పెట్టే ముందు ఆమె నన్ను పైకి చదవమంది. 'పాత కుట్టు మిషన్' అని ఉంది.

"పాతదేంటి సార్? మొన్న రంజాన్‌కి కొన్నాను!" అని ఆ మాట మార్పించింది. అంతసేపూ నేను గోడ మీది క్యాలెండర్‌లో తిథులు చూస్తున్నాను.

కాపీ తీసుకునే బయటికొచ్చాం. పదిరోజుల్లో మిషన్ గుంటూరులో ఓ పాత సామాన్ల కొట్లో దొరికింది.

ఇప్పుడు పెన్షన్ ఆగినా, రేషన్ కార్డులో పేరు తప్పు పడినా, వీధిలో వాళ్లు ఆమె దగ్గరికే వెళుతున్నారు. నాకు మాత్రం ఆమె మర్యాద తగ్గించలేదు. వాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, "మేష్టారూ, ఈ అర్జీ కాస్త రాసిపెట్టండి" అంటుంది. నా చేతిరాత బాగుంటుందట.