టేపు అటు చివర

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. హాస్పిటల్ ల్యాబ్‌లో రక్తం పరీక్షలు చేసే ఉద్యోగం నాది. మార్చురీ పక్క గదిలోనే కూర్చుని లంచ్ చేసేదాన్ని. పార్టీల్లో ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్ళి గిన్నెలు తోమేదాన్ని. అసూయ సంగతి వేరు. అది నాకు పుట్టుకతో వచ్చింది, దాన్ని నేనెప్పుడూ దాచుకోలేదు. ఈ కథంతా మొదలైంది కూడా దానివల్లే.

డెబ్బైల చివర్లో మేము చికాగోలో ఉండేవాళ్ళం. మా ఆయన స్ట్రక్చరల్ ఇంజనీరు. వారమంతా ఆఫీసులో కొత్త భవనాలకు లెక్కలు వేసి, శనివారం వచ్చేసరికి పాత భవనాల వెంట పడేవారు. అప్పట్లో డౌన్‌టౌన్‌లో పాతవి ఒక్కొక్కటే కూల్చేస్తున్నారు. కూల్చేలోపు అంగుళం వదలకుండా కొలిచి, కనీసం కాగితం మీదైనా మిగలాలని డ్రాయింగులు గీసి పెట్టడం కొంతమందికి పిచ్చి. ఆ పిచ్చి మా ఆయనకీ అంటుకుంది.

ఆయన తగులుకున్నది నది దగ్గర్లో ఒక ఆఫీసు భవనం. వందేళ్ళ కిందట ఊరు తగలబడి మళ్ళీ కట్టుకున్న రోజుల నాటిది. మధ్యలో కింది నుంచి పైదాకా ఖాళీ, పైన గాజు కప్పు, ఆ ఖాళీ చుట్టూ ప్రతి అంతస్తులోనూ వరండా, వరండాలకి ఇనుప రెయిలింగు. రెయిలింగు నిండా పోతపోసిన తీగలూ ఆకులూ. భోజనాల దగ్గర ఆ ఆకుల గురించి చెబుతూ కూర్చుంటే వంకాయ కూర చల్లారిపోయేది. నేను కొత్త చీర కట్టుకుంటే రంగేమిటో చెప్పలేని మనిషికి, అక్కడ ఏ ఆకు ఎటు తిరిగి ఉందో కంఠతా వచ్చు. నాకు ఒళ్ళు మండేది.

మొదట్లో ఆయనకు తోడుగా రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన వచ్చేవాడు. చలికాలంలో మోకాళ్ళ నొప్పులు పట్టుకుని మానేశాడు. మా ఆయన మాత్రం మానలేదు. ఒక శనివారం ఇంటికొచ్చి, మూడో అంతస్తులో ఈ వరండా నుంచి ఆ వరండాకి కొలిచేశానని సంబరంగా చెప్పారు.

"అటు చివర ఎవరు పట్టుకున్నారు?" అన్నాను.

"ఎవరూ లేరు. నేనొక్కణ్ణే చూసుకున్నాను" అన్నారు, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

మా నాన్నగారు గోదావరి కాలువల మీద ఓవర్సీరుగా చేశారు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట వెళ్ళి టేపు పట్టుకున్నదాన్ని నేను. పొడుగు స్టీలు టేపు ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఒకరు కొసనున్న రింగు పట్టుకుని సున్నా దగ్గర నిలబెట్టాలి, రెండోవాళ్ళు బిగలాగి చదవాలి. పోనీ రింగుని దేనికైనా బిగించి కట్టారా అంటే, ఆ రెయిలింగు మీద గీత పడుతుందంటే ఒప్పుకునే మనిషి కాదు. ఇంకెవరికి చెప్పినా నమ్మేవాళ్ళేమో. ఆయన ఓవర్సీరు కూతురికి చెప్పారు.

ఎవరో ఉన్నారు. ఆ ఎవరో కూడా నాకు తెలుసనుకున్నాను. సుగుణ అని, ఆర్కిటెక్చర్ చదవడానికి వచ్చిన అమ్మాయి. దీపావళికి తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో మా ఆయన పక్కన చేరి ఇనుప స్తంభాల గురించి అడిగిందే అడిగింది. ఆయన చెప్పిందే చెప్పారు. నన్ను మాత్రం పులుసులో ఇంగువ వేశారా ఆంటీ అని అడిగింది. నాకంటే ఎంతో చిన్నదేమీ కాదు.

తరవాతి శనివారం పులిహోర డబ్బాలో పెట్టుకుని ఊళ్ళో తిరిగే ఎల్ ట్రైన్ ఎక్కాను. పులిహోర వంక మాత్రమే. ఆ పిల్ల అక్కడ కనిపిస్తే ఆ డబ్బా అక్కడే పడేసి, ఇండియాకి టికెట్ కొనుక్కుని వెళ్ళిపోవాలని నిశ్చయించుకున్నాను. మా అన్నయ్యకి ఫోన్‌లో ఏం చెప్పాలో కూడా దారిలోనే అనుకున్నాను.

గుమ్మంలో వాచ్‌మన్‌కి మా ఆయన పేరు చెప్పాను. "ఇద్దరూ పైనే ఉన్నారు" అన్నాడు. ఇద్దరూ అన్న మాట వినగానే పులిహోర డబ్బా చంకలో బిగించాను. మెట్లెక్కాను. సగం ఎక్కేసరికి మా ఆయన గొంతు వినిపించింది. తెలుగులో మాట్లాడుతున్నారు.

"పట్టుకున్నావా? కాస్త కిందికి. ఆఁ, అలాగే ఉంచు."

పెళ్ళైన కొత్తలో నాతో ఆ గొంతుతో మాట్లాడేవారు. అది నాకోసమే ఉన్న గొంతు అనుకునేదాన్ని.

మిట్టమధ్యాహ్నం. గాజు కప్పులోంచి వెలుగు నిండుగా పడుతోంది. సరిగ్గా చూశావా అని అందరూ అడుగుతారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను. మా ఆయన ఒక పక్క వరండాలో, టేపు ఉన్న తోలు డబ్బా చేత్తో పట్టుకుని, అంకె చదవడానికి వంగి ఉన్నారు. టేపు ఖాళీకి అడ్డంగా ఎదుటి వరండా దాకా సాగి ఉంది. ఎక్కడా వేలాడకుండా, వీణ తీగలా బిగువుగా ఉంది. ఆ చివర ఎవరూ లేరు.

దేనికో తగిలించి ఉంటారనుకుని, చప్పుడు చేయకుండా అటు నడిచాను. ఇత్తడి రింగు రెయిలింగుకి జానెడు ఎత్తున గాలిలో ఉంది. దేన్నీ ఆనుకుని లేదు. అటు నుంచి ఆయన "ఇంకొంచెం కిందికి" అన్నారు. నా కళ్ళముందే రింగు కొంచెం కిందికి దిగింది.

అప్పుడు కెవ్వున అరవాలి. పరుగెత్తాలి. నాకు వచ్చింది మాత్రం కోపం. ఆయన నోరు తెరిచి సగం మాట అనేలోపే కనిపించని ఆ చేయి సర్దుకుంటోంది. నాకు అదే మాట నాలుగుసార్లు చెప్పాలి.

వెళ్ళి రింగు పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. బయట మంచు, లోపల హీటింగు ఎప్పుడో తీసేశారు, నా వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. రింగు మాత్రం అప్పటిదాకా ఎవరి గుప్పిట్లోనో ఉన్నట్టు వెచ్చగా ఉంది. లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను.

"ఇక వదులు. ఆయన నా మొగుడు" అన్నాను, నాకే వినిపించేంత మెల్లగా.

వదిలేసింది. టేపు ఒక్కసారిగా కిందికి వేలాడింది.

"జారిందా?" అంటూ మా ఆయన తలెత్తి నన్ను చూశారు. తప్పు చేసి దొరికిపోయిన కంగారు ఆ మొహంలో లేదు. ఉంటే బాగుండేది. ఎదురు చూస్తున్న మనిషి బదులు ఇంకెవరో వస్తే మొహంలో కనిపించే చిన్న నిరుత్సాహం, అంతే. అది నేనింతవరకూ మరచిపోలేదు.

ఎవరితో మాట్లాడుతున్నారని అడిగితే, ఖాళీ భవనం కదా, నాలో నేనే మాట్లాడుకుంటున్నాను అన్నారు. టేపు సంగతి అడిగితే నావైపు వింతగా చూసి పులిహోర డబ్బా మూత తీశారు. దిగేటప్పుడు వాచ్‌మన్‌ని, ఆ రెండో మనిషి ఎలా ఉంటుందని అడిగాను. చూడలేదన్నాడు. పైన ఇద్దరి అడుగులు వినిపిస్తుంటాయి కాబట్టి అలా అన్నానన్నాడు. ఇక సుగుణ, ఆ చలికాలం మొదట్లోనే ఉద్యోగం వచ్చి అరిజోనా వెళ్ళిపోయిందట. సుగుణే అయి ఉంటే ఎంత సుఖంగా ఉండేది. సుగుణతో దెబ్బలాడి గెలవగలను.

ఆ తరవాత ప్రతి శనివారం నేనే వెళ్ళి రింగు పట్టుకున్నాను. "గట్టిగా లాగు, కుంగిపోతోంది" అని విసుక్కుంటూనే ఉండేవారు. ఆవిడని ఒక్కసారైనా విసుక్కున్నారా అని అడగాలనిపించేది. ఆవిడ అని ఎందుకన్నానో నాకు తెలియదు.

వసంతంలో ఆ భవనాన్ని కూల్చేశారు. ఆయన ఎదుటి పేవ్‌మెంట్ మీద రోజంతా నిలబడి చూశారు. నేను పక్కనే ఉన్నాను. దుమ్ము పడి కళ్ళు నీళ్ళు కారుతున్నాయన్నారు. నాకు లోపల హాయిగా ఉంది. ఆ మాట దాచను.

ఎనభైల మధ్యలో చికాగో శివార్లలో, నేపర్‌విల్‌లో ఇల్లు కొనుక్కున్నాం. ఒక ఆదివారం పొద్దున లివింగ్ రూమ్‌లో కార్పెట్ వేయించాలని ఆయన పాత తోలు డబ్బా టేపు తీశారు. నేను వంటింట్లో గారెల పిండి కలుపుతున్నాను. మోచేతుల దాకా పిండి. పిల్లలు బయట సైకిళ్ళ మీద ఉన్నారు.

"పట్టుకున్నావా?" అని వినిపించింది. ఆ గొంతే.

"నేనిక్కడ వంటింట్లో ఉన్నానండీ" అన్నాను.

అది విననట్టే ఆయన అంకె పైకి చదువుకున్నారు.

పిండి చేతులతోనే పరుగెత్తాను. ఆయన అంకె రాసుకుంటున్నారు. టేపు ఆ గోడ నుంచి ఈ గోడకి, నేలకి జానెడు ఎత్తున, ఎక్కడా కుంగకుండా ఉంది. ఇదేమిటో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. చదువుకున్నవాళ్ళు ఎవరైనా చెబితే వింటాను. నేను మాత్రం ఆ గోడ దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని రింగు పట్టుకున్నాను.

ఈసారి లాగనవసరం లేకపోయింది. వెంటనే వదిలేసింది. టేపు కుంగింది.

"గట్టిగా లాగు" అన్నారు ఆయన.