పేలిన తూటాలతో ఊదిన ఈలలు

అడవి పక్క పల్లెల్లో నాతోపాటు పెరిగినవాళ్ళకు గుర్తుందా, పేలిన తూటాల ఇత్తడి గొట్టాలతో ఈలలు ఊదేవాళ్ళం? పెదవికి చల్లగా తగిలేవి. కాలిన మందు వాసన వచ్చేది.

మా నాయన తోట ఆసామి ఇచ్చిన రైఫిలు పట్టుకుని మామిడితోటకు కాపలా ఉండేవాడు. పేలిన గొట్టాల్లోనే మళ్ళీ మందు కూరి వాడేవాడు. కూరేముందు అమ్మ తలపిన్ను కొన వంచి, గొట్టం లోపల అడుగు దాకా గీసి చూసేవాడు. పిన్ను ఎక్కడైనా తట్టుకుంటే ఆ గొట్టం మాకే.

"తట్టుకునిందా నాయనా?" అని నేనూ తమ్ముడూ ఎగిరేవాళ్ళం. మా గూటి నిండా ఈలలే.

ఈరోజు ఈ అరబ్బు దేశంలో, మిష్రిఫ్‌లో నేను పనిచేసే ఇంట్లో, ఇంటాయనకు గహ్వా కాఫీ తీసుకెళ్ళాను. తుపాకీ షూటింగ్ పిచ్చి ఉన్న మనిషి. వంచిన తీగతో అచ్చం నాయనలాగే గొట్టాలు గీసి చూస్తున్నాడు. తీగ తట్టుకుంది. ఆయన ముఖం మాడిపోయింది. పటకారుతో ఆ గొట్టాన్ని నలిపేశాడు.

ప్రాణం ఉసూరుమంది. "ఎందుకు పాడు చేస్తివి బాబా? పిల్లోళ్ళు ఊదుకుంటారు కదా!" అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో.

"ఇది ఖలాస్. లోపల అరిగి గాడి పడింది. ఇంకోసారి పేలిస్తే అక్కడే తెగి, నిప్పు నా కళ్ళలోకి కొడుతుంది."

గూట్లో ఉన్న ప్రతి ఈలా నాయన కళ్ళను పోగొట్టాల్సినదే! ఆయన ఒక్కనాడూ చెప్పలేదు.

పిన్ను తట్టుకోవాలని మేము రోజూ దేవుడికి మొక్కుకునేవాళ్ళం.