రాజయ్యపేట క్లాసులో సొరపుట్టు గెలిచింది

అనకాపల్లి బజార్లో నాకు ఎండుచేపలు అమ్మే అప్పలకొండ పోయిన వారం బేరం మధ్యలో కళ్లు తుడుచుకుంది. ఆమె కోడలు నూకాలు బాలింత. వాళ్ల ఊరు రాజయ్యపేటలో ఒక సంస్థ నడిపే పోషకాహార క్లాసులో బాలింతల తిండి అంటూ యాపిల్, పనీర్, బాదం బొమ్మలు చూపించారట. బొమ్మల్లో చేప లేదు కాబట్టి తినకూడదేమో అనుకుని ఆ పిల్ల చేపలు మానేసింది. యాపిల్ కొనే స్తోమత లేదు. ఇక మిగిలింది చారన్నం. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషికి చేపను దూరం చేసే చదువు ఏం చదువండీ? తేల్చుకోవాలనే బయల్దేరాను.

ఉదయం తొమ్మిదికి అనకాపల్లి కాంప్లెక్సులో తుని బస్సెక్కి, గంటన్నరలో నక్కపల్లిలో దిగాను. అక్కడినుంచి రాజయ్యపేటకు షేర్ ఆటో, ముప్పై రూపాయలు.

"క్లాసు సెప్పడానికెల్తన్నారేటి మేడంగారూ?" అన్నాడు డ్రైవరు.

"కాదు నాయనా, దెబ్బలాడ్డానికి."

"అలగైతే బేగెల్దారి, గట్టిగా పట్టుకోండి!"

క్లాసు జరిగే హాల్లో టీచరు, పాతికేళ్ల అమ్మాయి, బొమ్మల అట్టలు తగిలిస్తోంది. క్లాసులోనే వండి చూపించాలని అప్పలకొండ పాలసొర చేప ముక్కల తపేలాతో, కోడలితో వచ్చింది. పాలు పడతాయని ఇక్కడ బాలింతకు సొరపుట్టు పెట్టడం తరతరాల ఆచారం. సొరచేపను ఉడికించి, తోలు తీసి, పొడిగా చిదిపి, అల్లం వెల్లుల్లితో వేయిస్తారు.

"హాల్లో నీచు వండకూడదమ్మా, ఆఫీసు రూలు," అంది టీచరు.

"చేపలు పట్టే ఊళ్లో చేప లేని పాఠమా? మీ అట్ట మీది యాపిల్ ఏ పడవలో వచ్చిందమ్మా?" అన్నాను. క్లాసుకొచ్చిన ఆడవాళ్లు గొల్లున నవ్వారు.

"చేప తినొద్దని నేను చెప్పలేదు మేడం!"

"తినమనీ సెప్పనేదు కదా!" అప్పలకొండ తపేలా ఎత్తింది. "నా కోడలు సారన్నంతో సిక్కిపోతంది. నీ హాలు నువ్వే ఉంచుకో తల్లీ. పదండర్రా, వలలకాడ పొయ్యెడదాం!"

హాలు ఖాళీ అయిపోయింది. నేను గుమ్మంలో ఆగాను. టీచరు పై అధికారికి ఫోను చేసింది. మొదట మెల్లగా, తర్వాత గొంతు పెంచి: "మనుషులు లేని హాల్లో ఎవరికి చెప్పమంటారు సార్?" చివరికి ఒడ్డునే క్లాసు పెట్టుకోడానికి ఆయన సరేనన్నాడు. ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని మా వెనకే ఇసకలోకి నడిచింది.

పుట్టు పొయ్యి దిగాక టీచరే నూకాలుకు వడ్డించింది. "తిను. పప్పూ ఆకుకూరా కూడా కలుపుకో. అట్ట మీద చేప పెట్టకపోవడం మా తప్పు."

నూకాలు అత్త వైపు చూసింది.

"నన్ను సూత్తావేటే? టీచరమ్మే సెప్తంది, తిను!"

తిన్నది. మళ్లీ పళ్లెం చాపింది. ఒడ్డంతా ఒకటే ఈలలు! ఇకమీదట క్లాసు ఇక్కడే, వంట వీళ్లదే అని టీచరు అందరి ముందూ ఒప్పుకుంది.

సొరపుట్టుతో పాలు పడతాయా లేదా అన్నది డాక్టర్లు తేల్చనీయండి. అందులో బలముందన్నది మాత్రం ఎవరూ కాదనలేరు. చీడికాడలో రైతింట చోడంబలి అనే రాగిజావ, చర్చి వీధిలో మాంసం కూర, రాజయ్యపేటలో సొర: ఇవేవీ కనబడని అట్టను ఊరూరా తగిలించి, తర్వాత "జనానికి అవగాహన లేదు" అని వాపోయే పెద్దమనుషులారా, అవగాహన ఎవరికి లేదో ఇప్పుడైనా చెప్పండి!

వెళ్లాలనుకునేవారికి ఒక్క మాట. పడవలు ఒడ్డుకొచ్చే పొద్దుటి వేళ అక్కడ మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మధ్యాహ్నానికి చేరుకోండి, ఆకలితో వెళ్లండి.