నిమ్మచెక్కతో తోమిన తుపాకి

ఆ రోజుల్లో నాకు చదువు రాదన్న సంగతి కువైట్ మొత్తం మీద ఇద్దరికే తెలుసు. ఒకరు నేను, రెండోవాడు మా డ్రైవర్ భాయ్. ఊళ్లో ఏజెంటు నా కాగితం మీద పదో తరగతి పాసు, ఇంగ్లీషు వచ్చు అని రాయించి విమానం ఎక్కించాడు. (ఆయన చదివింది ఐదో తరగతేనట. ఉన్నదాంట్లోనే నాకూ ఇంత పంచిపెట్టాడనుకోవాలి.) రుమైథియాలోని మా మామా, అంటే ఇంటి యజమానురాలు, ఆ కాగితం చూసే నన్ను పెట్టుకుంది. సీసాల మీద రాసింది చదివి, మంచంలో ఉన్న అత్తగారికి వేళకు మందులిచ్చే మనిషి కావాలి ఆమెకు. అబద్ధం బయటపడితే నన్ను మక్తబ్‌కు పంపేస్తారు. మక్తబ్ అంటే పనిమనుషుల్ని తెప్పించే ఆఫీసు. నచ్చని మనిషిని అక్కడ అప్పజెప్పి ఇంకో మనిషిని తెచ్చుకోవచ్చు, అంగట్లో సొట్టపడిన గిన్నె మార్చుకున్నట్టు. అందుకని ఏడాది పాటు సీసాల్ని రంగును బట్టి, మూతను బట్టి గుర్తుపెట్టుకుని, ఎవరైనా చూస్తుంటే మాత్రం పెదాలు కదిలిస్తూ చదివినట్టు నటించేదాన్ని. ముసలామెకు ఒక్క మందూ తప్పలేదు.

మామా కూతురికి నేనూ భాయ్ పెట్టుకున్న పేరు గురిపిల్ల. నా ఈడుదే, ఇరవై రెండేళ్లు. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు అందుకోవడానికి కూడా నన్నే పిలిచే ఆ పిల్ల, వారానికి రెండు సాయంత్రాలు తుపాకి కాల్చే చోటికి పోయి, చెయ్యి కదలకుండా నిలబడి, అంత దూరంలో ఉన్న అట్టముక్క నడుమ బెజ్జం పెట్టేది. సంచి మోయడం, టీ పోయడం, ఆమె కాల్చినప్పుడల్లా ఉలిక్కిపడడం నా పని. (మూడోది జీతంలో లేదు.)

ఒకరోజు కొత్త తుపాకి వచ్చింది. అంతకుముందుది పిడి ప్లాస్టిక్‌ది, తేరు తిరనాళ్లలో అమ్మే ఆటబొమ్మలా ఉండేది. ఇది పిడితో సహా అంతా ఇనుమే. గురిపిల్ల నాలుగు రౌండ్లు కాల్చి వచ్చి, బరువుగా ఉంది గానీ చెయ్యి ఎగరడం లేదని మురిసిపోయి, చంటిబిడ్డను జోకొట్టినట్టు దాన్ని నిమిరింది. అక్కడ తుపాకులు చూసుకునే పెద్దాయన తూటాలన్నీ తీసి, ఖాళీ అని చూపించాక, ఆమె దాన్ని రెండు ముక్కలుగా ఊడదీసి వెనక గదిలో బల్ల మీద పరిచింది. గొట్టం ఉన్న ముక్కను పెద్దాయన చేతిలో పెట్టుకున్నాడు. పిడి ఉన్న ముక్క బల్ల మీదే ఉండిపోయింది. ఏదో కాగితం మీద సంతకానికి ఇద్దరూ ఆఫీసులోకి పోతూ, గురిపిల్ల బల్ల వైపు చెయ్యి ఊపి నాతో ఒకే మాట అంది, నద్ఫి.

నద్ఫి అంటే శుభ్రం చెయ్యి. నేను నేర్చుకున్న మొదటి అరబ్బీ మాట అదే. ఆ ఇంట్లో నా పేరు కంటే ఎక్కువగా వినపడేదీ అదే. బల్ల మీద టీ గ్లాసులున్నాయి, బిస్కెట్ల పొడి ఉంది, పిండేసిన నిమ్మచెక్కలున్నాయి. అవన్నీ తుడిచాను. మిగిలింది తుపాకి ముక్క. ఎత్తి చూస్తే అంగట్లో తూకం గుండులా బరువు, ముట్టుకుంటే జిడ్డు, చూపుకేమో మాడిన పెనంలా నలుపు. ఇంత డబ్బు పోసి కొన్న సామాను ఇంత నల్లగా ఉందేమిటా అనిపించింది. అడుగంటిన పాత్రలకు మా అమ్మ చేసే వైద్యమే చేశాను. నిమ్మచెక్క, ఉప్పు ప్యాకెట్టు, సంచిలో ఉన్న పీచు. పది నిమిషాల్లో ఒక పక్క నలుపంతా వదిలి వెండిలా తెల్లగా తేలింది. నా మొహం కనపడింది అందులో. నవ్వుతూ ఉంది కూడా.

గురిపిల్ల తిరిగొచ్చి ఆ ముక్కను చూసింది. డ్రైవర్ భాయ్‌ని లోపలికి పిలిపించింది. అతను రాయచోటివాడు, మా ఇద్దరికీ నడుమ మాటలు అటూ ఇటూ మోసేవాడు. ఆమె తుపాకి పెట్టె మూత తెరిచి, లోపల అంటించిన ఇంగ్లీషు కాగితం నాకు చూపించింది.

"అక్కా, ఈడ ఏం రాసిండారో చదవమంటాంది" అన్నాడు భాయ్, నా మొహం చూడకుండా.

నేను పెదాలు కదిలించాను. చాలాసేపు కదిలించాను. చివరికి, "సామాను ఎప్పుడూ శుబ్రంగా పెట్టుకోవాల అని రాసుండాది" అన్నాను.

భాయ్ కళ్లు మూసుకున్నాడు. నూనె గుడ్డతో తప్ప దేంతోనూ తుడవకూడదని, పులుపు అసలే తగలకూడదని ఉందట అందులో. ఆ నలుపు మసి కాదు, తుప్పు పట్టకుండా ఇనుముకు పెట్టిన పూత.

"ఇంగోటేమైనా చెప్పు భాయ్, కండ్లు సరిగా కనపడవని చెప్పు" అన్నాను.

"నా ఇఖామా గుడక వాళ్ల చేతిలోనే ఉండాదక్కా" అని, నేను చెప్పింది చెప్పినట్టే ఆమెకు అరబ్బీలో అప్పజెప్పాడు. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం. అతని మీద చాలా ఏళ్లు కోపం ఉండింది నాకు. ఇప్పుడు లేదు. అతనికి ముగ్గురు బిడ్డలు.

ఇంతలో గురిపిల్ల స్నేహితురాలొకామె వచ్చింది. ఆమె కూడా తుపాకి కాల్చేదే. ఒక పక్క తెలుపు, ఒక పక్క నలుపుగా ఉన్న ఆ ముక్కను దీపం కింద తిప్పి తిప్పి చూసి, ఎంత బాగుంది, ఎక్కడ చేయించావని అడిగింది. గురిపిల్ల ఒక్క క్షణం నన్ను చూసి, ఇటలీలో అని చెప్పింది. ఆ మాట నాకు ఎవరూ తర్జుమా చెయ్యక్కరలేకపోయింది. నిమ్మచెక్క ఇంకా నా చేతిలోనే ఉంది.

కారులో ఆమె మామాకు ఫోను చేసింది. చాలా మాట్లాడింది గానీ నాకు అర్థమైనవి రెండే, మక్తబ్, ఖలాస్. మర్నాడు పొద్దున ముసలామెకు ఎర్రమూత మందు ఇచ్చాక నా సంచి సర్దుకోమన్నారు. ఇన్నాళ్లూ తప్పకుండా మందులిచ్చిందెవరని ఒక్కరూ అడగలేదు. ఆఫీసు బెంచీ మీద ఇరవై మూడు రోజులు కూర్చున్నాను. కొత్త ఇంటివాళ్లు వచ్చి నా పళ్లు, చేతులు చూసేవాళ్లు, కాగితం చూసేవాళ్లు. దాని మీద అప్పటికీ పదో తరగతి పాసే.

నలభై దాటాక, కువైట్‌లోనే మంగఫ్ అనే పేటలో నా గదిలో ఉండే కడప పిల్ల దగ్గర అక్షరాలు దిద్దాను. ఆ పిల్లకు ఈ కథ చెబితే కడుపు పట్టుకుని నవ్వింది. నాకు ఒళ్లు మండింది, తర్వాత నేనూ నవ్వాను. అంత భయం పెట్టుకుని, అంత బలంగా తోమిన ఆ ఇరవై రెండేళ్ల పిల్లను తలుచుకుంటే జాలేస్తుంది. దానికి చదువు రాదు గానీ పని వచ్చు. ఇంకో పది నిమిషాలు టైమిచ్చి ఉంటే రెండో పక్క కూడా తెల్లగా తేల్చి ఉండేది.