మేం కొట్టిన చుక్కలు

మా సూపర్‌వైజరుది కాకినాడ వైపు. నక్షత్ర మండలాల ఫోటోలంటే ఆయనకు పిచ్చి. మధ్యాహ్నం మేం అన్నం డబ్బాలు విప్పగానే ఫోను మా ముఖాల మీదికి తెచ్చేవాడు.

"చూడండ్రా, ఈ రంగులు మనిషన్నవాడు వేయగలడా? అంతా దేవుడి చేతిపని!"

మేం తలలు ఊపేవాళ్లం. డ్యూటీలు వేసేది ఆయనే కాబట్టి భక్తి దానంతటదే వచ్చేది.

ఒకసారి మేం పనికొచ్చిన గల్ఫ్ నగరం మనామాలో పెద్ద విల్లా పని పడింది. అతిథులు కూర్చునే హాలు పైకప్పు రాత్రి ఆకాశంలా మెరవాలని యజమాని కోరిక. జిప్సం సీలింగుకు సన్నటి రంధ్రాలు పెట్టి, ఒక్కోదాంట్లో వెంట్రుకంత ఫైబర్ తీగ దూర్చాలి. తీగ కొసన వెలిగేదే చుక్క. మూడు వారాలు నేనూ, అందరం కాకా అని పిలిచే జగిత్యాల పెద్దాయనా పరంజా మీద వెల్లకిలా పడుకుని ఆ పని చేశాం. కళ్ల నిండా పొడి. మెడలు కొయ్యబారిపోయాయి.

స్విచ్ వేసిన రోజు, నిజం చెప్పాలి, నా ఒళ్లు జలదరించింది. తెలియకుండానే దణ్ణం పెట్టాను. సూపర్‌వైజరు కళ్లు తుడుచుకున్నాడు.

"ఆహా! సాక్షాత్తూ దేవుడి సృష్టే!"

పక్కనే తెల్లటి పొడి కొట్టుకుపోయి ఇద్దరం నిలబడి ఉన్నాం. మావైపు చూడనైనా లేదు. నా చేతులు కిందికి దిగిపోయాయి.

ఇంతలో యజమాని వచ్చి ఒక మూలకు వేలు చూపించాడు. అక్కడ చీకటి. సూపర్‌వైజరు గిర్రున మావైపు తిరిగాడు.

"ఏంట్రా ఇది? కళ్లెక్కడ పెట్టుకుని చేశారు?"

కాకా తువ్వాల దులుపుకుని నెమ్మదిగా అన్నాడు: "సారూ, ఎలిగినయి దేవుడు జేసినయైతే, ఎలగనియి గూడ ఆయినయే గదా. ఆయిన్నే పిలువుండ్రి."

తెలుగు రాని యజమాని, ఏమంటున్నాడని అడిగాడు. ఇప్పుడే బాగు చేస్తానంటున్నాడని సూపర్‌వైజరు హిందీలో చెప్పాడు.

మళ్లీ పైకెక్కాం. ఆ మూల తీగల కట్టను, వాటికి వెలుగు పంపే లైటు పెట్టెకు తగిలించనేలేదు. తగిలించాల్సింది సూపర్‌వైజరే. కాకా రెండు నిమిషాల్లో బిగించాడు. సంగతి చెబితే సూపర్‌వైజరు నవ్వి, "మానవమాత్రులం, పొరపాట్లు సహజం" అన్నాడు.

నువైద్రాత్‌లో మేం ఉండే లేబర్ క్యాంపుకు బస్సులో వస్తూ అడిగాను: "కాకా, నువ్వు దేవున్ని నమ్మవా?"

"నమ్ముత బిడ్డా, నమ్మకేంది? గని మన పని మనదే" అని కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.