గోరు పెరిగినంత

అవుటర్ రింగ్ రోడ్డు పనులు నడుస్తున్న రోజులవి. శంషాబాద్ బడిలో భూగోళం పాఠాలు చెప్పుకుని రాజేంద్రనగర్ వెళ్లే బస్సెక్కాను. బస్సు లారీల వెనక ఇరుక్కుని ఎంతకీ కదల్లేదు. ఒళ్లో తొమ్మిదో తరగతి జవాబు పత్రాలున్నాయి. హిమాలయాలు ఇంకా ఎందుకు పెరుగుతున్నాయని అడిగితే, సగం మంది భూకంపాల వల్ల అని రాశారు. మూడుసార్లు చెప్పిన పాఠం. విసుగొచ్చి పెన్ను మూసేశాను.

పక్క సీట్లో, చీరంతా సిమెంటు దుమ్ముతో, నా ఈడు కూలీ మనిషి కూర్చుని ఉంది.

"ఏందక్కా, గంత పరేషాన్ అయితున్నవ్?" అంది.

"మన నేల ఒక పెద్ద రాతి పలకమ్మా. అది కదులుతూ ఉత్తరాన ఇంకో పలకను నెడుతోంది. ఆ ఒత్తిడికే హిమాలయాలు లేస్తున్నాయి. ఎన్నిసార్లు చెప్పినా పిల్లలకు ఎక్కడం లేదు."

"ఎంత జల్ది కదుల్తది?"

"ఏడాదికి మన గోరు పెరిగినంత."

ఆమె రెండు చేతులూ చాపి చూసుకుంది. గోళ్లన్నీ కురచగా, అంచులు విరిగి ఉన్నాయి.

"నాయి పెరుగుతనే ఉంటయి. రాళ్లు మోస్తుంటే అరిగిపోతయి. గుట్టలు అరగయా అక్కా?"

"అరుగుతాయి. వానలకీ, నదులకీ."

"మరి గది చెప్పినవా పిల్లలకు?"

చెప్పలేదు. ఆ సంగతి పుస్తకంలో వేరే పాఠంలో ఉంది. కిటికీ వైపు తిరిగాను. కాసేపటికి ఆమె పార, తట్ట తీసుకుని దిగిపోయింది.

పత్రాలు మళ్లీ తీశాను. ఒకమ్మాయి, "లేస్తూనే అరుగుతుంటాయి, అందుకే మరీ ఎత్తు కావు" అని రాసింది. నోట్సులో లేదని పొద్దున దాని మీద అడ్డంగా ఎర్రగీత కొట్టింది నేనే.